రేవు పక్కన ఇంగ్లీషు పాఠం

కలకత్తాలోని వాట్‌గంజ్‌కి పరాయిభాషలన్నీ పనిమీదే వచ్చాయి. 1780ల్లో కర్నల్ హెన్రీ వాట్సన్ అనే ఈస్టిండియా కంపెనీవారి ఇంజినీరు ఇక్కడ హుగ్లీ ఒడ్డున ఓడలు కట్టించడం మొదలుపెట్టాడు. ఆయన పేరే పేటకి నిలిచిపోయింది. 1892లో పక్కనే ఖిదిర్‌పూర్ డాకు తెరిచారు. మోత పనికీ ఓడ పనికీ ఎక్కడెక్కడి జనమో వచ్చి చేరారు. బీహారు జిల్లాల వాళ్ళు, ఒరిస్సా వాళ్ళు, తూర్పు బెంగాల్ వాళ్ళు, మన ఉత్తరాంధ్ర వాళ్ళు. కాస్త దిగువన గార్డెన్ రీచ్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ప్రధాన కార్యాలయం ఉండటంతో వాల్తేరు వైపు మనుషులకి కలకత్తా మరీ పరాయి ఊరు అనిపించేది కాదు. ఆ రైల్వే పేరు మారి సౌత్ ఈస్టర్న్ అయ్యాక కూడా, 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఏర్పడేదాకా, వాల్తేరు డివిజన్ పైఅధికారులు గార్డెన్ రీచ్‌లోనే కూర్చునేవారు. బదిలీ మీద వచ్చి, పిల్లల చదువులని ఆగి, చివరికి ఇక్కడివాళ్ళే అయిపోయిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మాదీ అలాంటిదే.

వచ్చినవాళ్ళంతా తమ భాషని ఇంట్లో ఉంచుకుని, పనికి కావలసినంత మేర పక్కవాడి భాష నేర్చుకున్నారు. ఇప్పటికీ ఖిదిర్‌పూర్ ఫ్యాన్సీ మార్కెట్‌లో దుకాణదారు ఒక్క బేరంలోనే ఉర్దూ, హిందీ, బెంగాలీ మూడూ తిరగేస్తాడు. లింగం తప్పిందని, క్రియ కుదరలేదని అక్కడెవరూ సిగ్గుపడరు. బేరం తెగిందా లేదా అన్నదే లెక్క.

ఆ పేటలోనే పుట్టి పెరిగిన పిల్లలు ఇంజినీరింగులో చేరి కంప్యూటర్ సైన్సు చదువుతూ, తాము చేసిన పని గురించి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయమంటే బిగుసుకుపోతారు. సాయంత్రాలు నేను పాఠం చెప్పేది వాళ్ళకే. డైమండ్ హార్బర్ రోడ్డు మీద 2000లో మొదలైన సెయింట్ థామస్ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, ఊళ్ళో ఇంకా బోలెడు కాలేజీలున్నాయి, అన్నిచోట్ల నుంచీ వస్తారు. జావా వచ్చు, పైథాన్ వచ్చు. వాళ్ళు నన్నడిగేది మాత్రం ఒక్కటే: "సార్, కమ్యూనికేషన్ నేర్పండి." తడుముకోకుండా గడగడా మాట్లాడటమే కమ్యూనికేషన్ అని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం వాళ్ళకి ఊరికే రాలేదు. క్యాంపస్ సెలక్షన్లలో గ్రూప్ డిస్కషన్ పెడతారు, ఏదో ఒక విషయం ఇచ్చి నిమిషంపాటు ఆగకుండా మాట్లాడమనే 'జామ్' రౌండు పెడతారు. హైదరాబాదులోనూ ఇదే, విజయవాడలోనూ ఇదే. జేఎన్‌టీయూ కాలేజీల్లో ఇంగ్లీషు ల్యాబులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉచ్చారణ దిద్దుకున్న పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. ఆ ల్యాబు దండగని నేననను. కానీ ఉద్యోగంలో చేరాక ఎవరూ నిమిషం ఆగకుండా మాట్లాడమని అడగరు. ఎక్కడ ఆగిపోయావో చెప్పమని అడుగుతారు. ఆ ప్రశ్న దగ్గరే మన పిల్లలకి నోరు పెగలదు.

ఒకమ్మాయి సంగతి చెబుతాను. రైల్వే కుటుంబం, తాతగారి ఊరు బొబ్బిలి దగ్గర. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్ళో బెంగాలీ స్నేహితులు. ఇంటర్న్‌షిప్‌లో ఆమెకి అప్పగించిన పని, గదులు బుక్ చేసుకునే ఒక ఫారాన్ని పరీక్షించడం. సీనియర్ అమెరికాలో ఉంటాడు. తాను రాసిన మెయిలు తెచ్చి చూపించింది: "రెస్పెక్టెడ్ సర్, డేట్ ఫీల్డ్ ఈజ్ నాట్ వర్కింగ్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్." రోజులు గడుస్తున్నా జవాబు రాలేదట.

"అసలేమైందమ్మా?" అని తెలుగులో అడిగాను.

"ఏం లేదు మాస్టారూ, పన్నెండో తారీఖు దాకా బానే తీసుకుంటంది. పదమూడు కొడితే తప్పంటంది. ఏ నెలైనా అంతే. ఇంకోటి, ఏప్రిల్ మూడుకి బుక్ చేస్తే మార్చి నాలుగుకి పడతంది. వాళ్ళు నెల ముందు రాస్తారు కదా, మనం తారీఖు ముందు రాస్తాం. అక్కడే తిరగబడతన్నట్టుంది. సర్వర్ లాగ్ చూస్తే తేలిపోద్ది, కానీ నాకు లాగ్ చూసే పర్మిషన్ ఇవ్వలేదు."

ఆమె చెప్పిందంతా కాగితం మీద రాసి ముందు పెట్టాను. ఏం చేసిందో ఉంది. ఏం జరిగిందో ఉంది. ఎందుకు జరుగుతోందో ఊహ ఉంది, అది సరైన ఊహ కూడా. ఎక్కడ ఆగిందో ఉంది, ముందుకు వెళ్ళాలంటే ఎవరు ఏం ఇవ్వాలో ఉంది. ఇరవై ఏళ్ళ అనుభవమున్న ఇంజినీరైనా ఇంతకంటే బాగా చెప్పలేడు. ఇందులో పదో తరగతి ఇంగ్లీషుకి అందని మాట ఒక్కటీ లేదు. మరి ఇంత విషయమూ "పనిచేయడం లేదు" అన్న ఒక్క ముక్కకి ఎలా కుదించుకుపోయింది?

చాలాకాలంగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. నాకు తోచిన జవాబు ఇది. ఇంగ్లీషులో ఉత్తరం అంటే మన పిల్లలకి బళ్ళో నేర్పింది అర్జీ. జ్వరం వచ్చింది, సెలవు ఇప్పించండి. ఫీజు కట్టలేకపోయాను, గడువు ఇప్పించండి. అర్జీలో మర్యాద ఎక్కువ, విషయం తక్కువ. వివరంగా రాస్తే పెద్దవాళ్ళ సమయం తిన్నట్టు. మన ఊహ రాస్తే తెలివి చూపించినట్టు. పర్మిషన్ లేదని రాస్తే ఫిర్యాదు చేసినట్టు. అందుకే అన్నీ మింగేసి, తలొంచి, చెయ్యవలసింది చెయ్యండి అంటారు. ఆ అమ్మాయి భాష రాక అలా రాయలేదు. సముద్రం అవతల ఉన్న సీనియర్‌ని పెద్ద దొరగారనుకుని, తాను విన్నవించుకునే మనిషిననుకుని రాసింది. ఈ భయాన్ని కదపకుండా వ్యాకరణం ఎంత దిద్దినా, తప్పులు లేని అర్జీ ఒకటి తయారవుతుంది, అంతే.

ఇద్దరం కూర్చుని ఆ మెయిలు తిరగరాశాం. తెలుగులో చెప్పిన వరసనే ఉంచాం. చివర్లో ఆమే ఒక సూచన చేర్చింది: తేదీని సంవత్సరం, నెల, రోజు అన్న వరసలో దాచుకుంటే ఏ దేశంలోనూ ఈ తిరకాసు రాదని. ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం 1988 నుంచీ చెబుతున్నది అదే. ఆ సంగతి ఆమెకి నాకంటే బాగా తెలుసు. లాగ్ చూసే పర్మిషన్ ఆ వారంలోనే వచ్చింది.

ఇంకో చిక్కు కోడ్ రివ్యూలో వస్తుంది. పిల్లాడు రాసిన కోడు పక్కన సీనియర్ ఒక్క ముక్క రాస్తాడు: "వై డిడ్ యూ డూ దిస్?" మనిళ్ళలో "ఎందుకిలా చేశావ్?" అనే మాట తిట్టడానికి ముందే వస్తుంది. దానికి జవాబు కారణం కాదు, క్షమాపణ. కాబట్టి మనవాడు వెంటనే "సారీ సర్" అని రాసి, సరిగ్గా ఉన్న కోడుని చెరిపేస్తాడు. ఆ సీనియర్ నిజంగానే కారణం తెలుసుకుందామని అడిగి ఉండొచ్చు. వరసగా నాలుగు రివ్యూల్లో ఇలా చెరిపేసుకున్న కుర్రాణ్ణి నాకు తెలుసు. నాలుగింటిలోనూ అతని కారణాలు బలమైనవే.

ఇలాంటి చిక్కులకి నాకు దారి చూపించింది ఈ రేవే. సముద్రం మీద భాష తేడా వస్తే ఓడలు గుద్దుకుంటాయి. హుగ్లీలో సాగర ముఖం నుంచి ఖిదిర్‌పూర్ దాకా ఓడని తీసుకురావడానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా పైలట్ దారి చూపాలి. ఇసుక మేటలు పెరుగుతుంటాయి, జరుగుతుంటాయి. ఓడ మీద కెప్టెన్ ఉక్రెయిన్ వాడు కావచ్చు, చుక్కాని పట్టినవాడు ఫిలిప్పీన్స్ వాడు కావచ్చు, పైలట్ బెంగాలీ కావచ్చు. వీళ్ళందరికీ ఉమ్మడిగా ఉండేలా అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2001 నవంబరులో ఒక వాక్యాల సంపుటిని ఆమోదించింది. ప్రామాణిక నౌకా సంభాషణ వాక్యాలని దాన్ని పిలవొచ్చు. దానికి ముందు 1980ల్లో ఇంగ్లండులో 'సీస్పీక్' పేరుతో జరిగిన కృషి దీనికి పునాది.

ఆ పుస్తకం మొదటిసారి చూసినప్పుడు, ఇది మా కంప్యూటరు పిల్లల కోసమే రాసినట్టుందే అనిపించింది. అందులో మాట్లాడేవాడు తన మాట ఏ జాతిదో ముందే చెప్పొచ్చు. ప్రశ్న అయితే "క్వశ్చన్" అని, సూచన అయితే "అడ్వైస్" అని, ఆదేశమైతే "ఇన్‌స్ట్రక్షన్" అని, హెచ్చరికైతే "వార్నింగ్" అని. సమాచారం, విన్నపం, జవాబు, నేను చేయబోయే పని, ఇవీ అంతే. మొత్తం ఎనిమిది గుర్తులు. రేవు దారిలోకి రానా అని మెత్తగా అడక్కూడదు, ఎందుకంటే అది అనుమతి అడగడమో, వస్తానేమో అని చెప్పడమో అవతలివాడికి తేలదు. "ప్రశ్న. దారిలోకి రావడానికి నాకు అనుమతి ఉందా?" అనాలి. ఆదేశం వస్తే ఊరికే సరే అంటే కుదరదు. చేస్తాను అని ఆ ఆదేశాన్ని పూర్తిగా తిరిగి చెప్పాలి. చేయలేకపోతే చేయలేను అని, అదీ పూర్తిగా చెప్పాలి. నాకు ఎక్కువ నచ్చింది ఇంకొకటి ఉంది. అడిగిన విషయం వెంటనే తెలియకపోతే "స్టాండ్ బై" అని ఎంతసేపో చెబుతారు. తెలుసుకునే వీలే లేకపోతే "నో ఇన్ఫర్మేషన్" అంటారు. తెలియదు అనడానికి కూడా ఒక పద్ధతైన వాక్యం ఇచ్చారు. తెలియదని చెప్పడం అక్కడ తక్కువతనం కాదు, డ్యూటీలో భాగం.

మా క్లాసులో ఆ ఎనిమిది గుర్తులూ గోడ మీద రాసి ఉన్నాయి. మెయిలు రాసినా, చాట్‌లో రాసినా, ప్రతి వాక్యం ముందు అది ఏ జాతిదో పెన్సిలుతో రాయమంటాను. రాయలేకపోతే ఆ వాక్యం ఇంకా తయారు కాలేదన్నమాట. పాత మెయిలులో "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" ముందు ఏం రాయాలో ఆ అమ్మాయికి ఎంతకీ తోచలేదు. విన్నపం అనబోయింది, కానీ దేనికి విన్నపమో అందులో లేదు. రివ్యూలో వచ్చిన "వై" ముందు "క్వశ్చన్" అని రాసుకోమన్న తర్వాత ఆ కుర్రాడు చెరపడం మానేసి, "కారణం ఇది" అని రాయడం నేర్చుకున్నాడు. పైగా ఆ తర్వాత ఒక కోడుకి అతను రాసిన కారణం చూసి, సీనియరే తన ఆలోచన మార్చుకున్నాడు.

ఇంకో నియమం కూడా పెట్టాను, దీనికి మొదట్లో తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. ఏ విషయమైనా ముందు ఇంటిభాషలో చెప్పాలి. ఉర్దూ వాళ్ళు ఉర్దూలో, బెంగాలీలు బెంగాలీలో, మనవాళ్ళు తెలుగులో. ఇంగ్లీషు నేర్చుకోమని డబ్బు కట్టి పంపితే మళ్ళీ ఇంటిభాషేమిటని అడిగారు. ఇంగ్లీషులోనే ఆలోచించమని పిల్లలకి చెప్పడం చాలాచోట్ల రివాజు. నాకది ఒప్పుదల కాదు. విషయం మీద పట్టు ఏ భాషలో ఉందో అందులోనే ముందు బయటికి రావాలి. ఇంగ్లీషులో మొదలుపెడితే వచ్చిన మాటలకి తగ్గట్టు విషయాన్ని కత్తిరించుకుంటారు. ఇంటిభాషలో మొదలుపెడితే విషయానికి తగ్గ మాటలు వెతుక్కుంటారు.

విషయానికి తగ్గట్టు రాసినవాళ్ళ నమూనాలూ పిల్లలకి చూపిస్తాను. లినక్సు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఆద్యుడైన లినస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండులో పెరిగాడు, తల్లిభాష స్వీడిష్. 1991 ఆగస్టులో తన లినక్సు గురించి లోకానికి మొదట తెలియజేసిన కొద్ది వాక్యాలు పరాయిభాషలో రాసినవే. ఏం తయారు చేస్తున్నాడో, అందులో ఏం లేదో, ఎదుటివాళ్ళ నుంచి ఏం కావాలో రాశాడు. క్లాసులో దాన్ని చదివించి ఎనిమిది గుర్తులు పెట్టిస్తాను. పుటీ అనే సాఫ్ట్‌వేరు రాసిన సైమన్ టాథమ్ 1999లో లోపాలను ఎలా తెలియజేయాలో ఒక వ్యాసం రాశాడు. అది చాలా భాషల్లోకి వెళ్ళింది. అతను చెప్పిన సారమూ ఇదే: ఏం చేశావో చెప్పు, ఏం కనబడిందో చెప్పు, నీ ఊహని చూసినదానితో కలపకు. రోగం తానే నిర్ణయించేసుకుని వచ్చే రోగి వైద్యుడికి పెట్టే ఇబ్బందే అది.

ఇక్కడొక మాట గట్టిగా అనాలి. సముద్రం మీది వాక్యాల పుస్తకం అందరినీ కట్టేస్తుంది. ఇంగ్లండులో పుట్టిన కెప్టెన్ అయినా సరే తన ఊరి యాస, తన నుడికారం, వేళాకోళం పక్కన పెట్టి ఆ వాక్యాల్లోకి దిగిరావాలి. సాఫ్ట్‌వేరులో అలా లేదు. భారమంతా మన పిల్లల మీదే వేశారు. అమెరికా నుంచి ఫోనులో మాట్లాడేవాడు సగం మాటలు మింగి, బేస్‌బాల్ ఆట మాటలు కలిపి, గబగబా చెప్పుకుపోతాడు. అర్థం కాకపోతే లోపం వాట్‌గంజ్ పిల్లదే అవుతుంది. శిక్షణ తరగతులన్నీ మనవైపే. ఇది న్యాయం కాదు, పనికి మంచిదీ కాదు.

ఒకప్పుడు ఈ ఊళ్ళోనే లెక్క వేరుగా ఉండేది. 1800లో ఫోర్ట్ విలియం కాలేజీ పెట్టింది, ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్ర ఉద్యోగులకి ఈ దేశపు భాషలు నేర్పడానికి. అక్కడ పాఠాలు చెప్పిన విలియం కేరీ శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచి 1814లో తెలుగు వ్యాకరణం ఒకటి వేశాడు. 1811లో థామస్ రోబక్ అనే సైనికాధికారి ఇంగ్లీషు, హిందుస్తానీ నౌకా నిఘంటువు అచ్చువేశాడు. తెరచాప ఎత్తమని, తాడు వదలమని లస్కరులకి, అంటే ఓడల్లో పనిచేసే మన నావికులకి, చెప్పడానికి వాళ్ళు వాడే మాటలేవో అధికారులకి తెలియాలని. అది దొరతనం కోసం చేసిన పనే, నాకు తెలుసు, దాన్ని మెచ్చుకోవడానికి నాకు మనసొప్పదు. కానీ గాలివాన వేళ సరంగుకి మాట అందకపోతే ఓడ మునిగేది. మునిగితే అందరూ మునుగుతారు కాబట్టి అధికారి కూడా కూర్చుని నేర్చుకోక తప్పలేదు.

ఈమధ్య మా క్లాసులో జపనీస్ నేర్చుకునేవాళ్ళూ పెరుగుతున్నారు. జపాను ప్రభుత్వం గుర్తించే భాషాపరీక్షలో 2010 నుంచి ఎన్5 మొదలుకుని ఎన్1 దాకా అయిదు మెట్లున్నాయి, కలకత్తాలోనూ రాయొచ్చు. లిపి కష్టం. అయినా పిల్లలకి అక్కడి ఆఫీసు పద్ధతి తొందరగా ఒంటబడుతుంది, నేను గమనించాను. జరిగింది పైవాళ్ళకి చెప్పు, తెలియవలసినవాళ్ళకి తెలియజెయ్యి, సందేహముంటే ముందే సంప్రదించు, ఈ మూడింటినీ కొత్తగా చేరినవాడికి అక్కడ మొదటి రోజుల్లోనే నూరిపోస్తారు. జపనీస్ వాళ్ళు మాట్లాడేటప్పుడు మధ్యమధ్య "హై, హై" అంటుంటే ఒప్పుకున్నట్టు కాదు, వింటున్నట్టు. మన ఊఁ కొట్టడం తెలిసిన పిల్లలకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు ఫోనులో మన "యెస్ సర్" కూడా చాలాసార్లు అలాంటిదే, అవతలివాడు దాన్ని ఒప్పుకోలుగా రాసుకుంటాడు. అందుకే తిరిగి చెప్పమనే సముద్రపు అలవాటు మీద నాకంత పట్టుదల.

ఖిదిర్‌పూర్‌లో తండ్రి ఇంట్లో పెరిగిన మైకేల్ మధుసూదన్ దత్ గురించి పిల్లలకి తప్పకుండా చెబుతాను. ఇంగ్లీషు కవి కావాలని కలలుగన్న మనిషి. 1848లో మద్రాసు చేరి, అనాథ పిల్లల బళ్ళో ఇంగ్లీషు చెబుతూ, 1849లో స్నేహితుడు గౌర్‌దాస్ బసాక్‌కి తన దినచర్య రాశాడు. పొద్దున హీబ్రూ, తర్వాత బడి, మధ్యాహ్నం గ్రీకు, రెండు నుంచి అయిదు దాకా తెలుగు, సంస్కృతం, సాయంత్రం లాటిన్, రాత్రి ఇంగ్లీషు. ఇదంతా తన తండ్రుల భాషకి అలంకారం కావాలనే అని కూడా రాశాడు. కలకత్తా తిరిగొచ్చాక పోలీసు కోర్టులో దుబాసీగా పనిచేశాడు. 1861లో 'మేఘనాదవధ కావ్యం' బెంగాలీలో వచ్చింది. మన తెలుగుకి రోజుకి మూడు గంటల్లో వాటా ఇచ్చిన ఈ పేట మనిషి కథ విన్నప్పుడు, ఇంటిభాషలో ముందు రాయమనే నా నియమం మీద పిల్లలు గొణగడం తగ్గుతుంది.

ఇక్కడ చదివి ఉద్యోగాల్లో చేరినవాళ్ళకి ఈ మధ్య ఒక ఉత్తరం రాశాను. మీ విదేశీ సహచరులతో ఒక్క పని చేయించి చూడండి, మీరు చెప్పింది వాళ్ళకేం అర్థమైందో వాళ్ళనే తిరిగి చెప్పమనండి, మీరు అడిగితే తప్పేం లేదు అని. కొందరు జవాబివ్వలేదు. కొందరు అడగడానికి ధైర్యం చాలలేదని రాశారు. తేదీల ఫారం అమ్మాయి ఇప్పుడు వేరే కంపెనీలో ఉంది. వాళ్ళ టీములో సమావేశం అయ్యాక జర్మనీలోని సీనియర్ తనకర్థమైనది అయిదు వాక్యాల్లో రాసి పంపుతున్నాడట, ఆమె దిద్ది తిరిగి పంపుతోందట. మొదటివారంలో ఆయన రాసిన అయిదింటిలో రెండు తప్పు. ఆ మెయిళ్ళు కంపెనీ వివరాలు తీసేసి పంపమని అడిగాను. కొత్త బ్యాచ్ జులైలో మొదలవుతుంది. ఆ రెండు తప్పులతోనే మొదటి పాఠం చెబుదామనుకుంటున్నాను.